లాకుల దగ్గర గంటసేపు: ఒక ఇల్లరికం అల్లుడి కేసు

భర్త రోజూ బడి నుంచి గంట, గంటన్నర ఆలస్యంగా ఇంటికి వస్తున్నారని, ఎక్కడికి వెళ్తున్నారో చెప్పడం లేదని ఒకావిడ అమలాపురంలో కౌన్సెలింగ్ కోసం నా దగ్గరకు వచ్చారు. మొదటిసారి ఒక్కరే వచ్చారు. వాళ్ళది అంబాజీపేటకు దగ్గర్లో ఒక పల్లె. భర్త జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు, 41 ఏళ్ళు. ఊళ్ళో అందరూ మాస్టారనే పిలుస్తారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. భార్యాభర్తలిద్దరి అనుమతితోనే రాస్తున్నాను.

ఆవిడకు ముందు మందు మీద అనుమానం వచ్చింది. తర్వాత ఇంకో ఆడమనిషి మీదకు పోయింది. చివరికి మేనమామ కొడుకుని బండి మీద వెనకాల పంపించారు. అతను తిరిగొచ్చి చెప్పింది విన్నాక ఆవిడ భయం తగ్గకపోగా పెరిగింది. మాస్టారు కాలువ లాకులు దాటాక గట్టు మీద బండి ఆపి, ఒక్కరే కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఏదో రాసుకుంటున్నారట.

"తాగొచ్చినా ఇంత భయం ఉండేది కాదండి. ఒక్కరే నీళ్ళ పక్కన కూర్చుని ఏం రాసుకుంటారండి ఈయన?"

ఆ ప్రశ్న వెనకున్న మాట ఆవిడ నోట రాలేదు. నేనే పైకి అన్నాను. ఆవిడ తల దించుకుని ఏడ్చారు.

ఈ రంగంలో కొత్తగా వచ్చినవాళ్ళకు ఇక్కడో మాట. ఆత్మహత్య ఆలోచన గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని మనలోనే చాలామంది వెనకాడతారు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. మాస్టారు వచ్చాక నేను మొట్టమొదట అడిగింది అదే. ఆయన కాసేపు నా వంక చూసి, సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టారు. అన్నీ జామెట్రీ లెక్కలు. ఒకే సిద్ధాంతానికి నాలుగు రకాల నిరూపణలు, పక్కన కొట్టివేతలు. "ఇంట్లో చేసుకుంటుంటే ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారండి. అల్లుడుగారూ, ఏంటి రాస్తున్నారూ అంటారు. చెప్పాలి. చెప్పాక వాళ్ళకి అర్థం కాదు, నాకు లెక్క పోద్ది" అన్నారు. చావాలనే ఆలోచన గానీ, బతుకు మీద విసుగు గానీ లేవని మరికొన్ని ప్రశ్నలతో నిర్ధారించుకున్నాను. అయినా మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాకే ఆ విషయం పక్కన పెట్టాను.

ఆ ఇంటి సంగతి

ఈ కేసు అర్థం కావాలంటే ఆ ఇల్లు తెలియాలి. పాతకాలపు మండువా లోగిలి. నడిమధ్య ఆకాశం కనబడే మండువా, చుట్టూ వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. చూడటానికి కన్నులపండువగా ఉంటుంది, ఈ మధ్య సినిమా వాళ్ళు షూటింగులకు అద్దెకు అడుగుతున్నారు కూడా. కానీ ఏ గదిలోంచి ఎవరు బయటకు వచ్చినా ఇల్లంతా చూస్తుంది. పగటిపూట తలుపు వేసుకుంటే ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి "ఒంట్లో బాగోలేదా అండి?" అంటారు. ప్రేమతోనే అంటారు.

మాస్టారు మెట్ట ప్రాంతం నుంచి 14 ఏళ్ళ కిందట ఈ ఇంటికి ఇల్లరికం వచ్చారు. మామగారికి ఇద్దరూ ఆడపిల్లలే. కొబ్బరి తోట ఉంది, కొంత వరి ఉంది. మామగారు ఊరికి పెద్దమనిషి. సరిహద్దు తగాదా దగ్గర నుంచి పెళ్ళి సంబంధం దాకా అన్నీ ఆయన వీధి అరుగు మీదే తేలతాయి. పొద్దున్న కాఫీకి కొందరు, సాయంత్రం పేపరుకి కొందరు, రాత్రి ఊరికే కొందరు. కొబ్బరికాయలు దింపించే రోజున తోటలోనూ జనమే. అరుగు మీద అల్లుడుగారికి ఒక కుర్చీ ఉంది. ఆయన కూర్చున్నా కూర్చోకపోయినా ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. ఖాళీగా ఉంటే "అల్లుడుగారు ఏరండీ" అనే మాట తప్పకుండా వస్తుంది.

దీనికి తోడు మన వెటకారం. గోదావరి జిల్లాల్లో మాటకు మాట అంటించడం మర్యాదలో ఒక భాగం. వెంటనే జవాబు చెప్పగలిగినవాడికి అదో పండగ. మాస్టారికి ఆ జవాబు తోస్తుంది గానీ అందరూ వేరే సంగతిలోకి వెళ్ళిపోయాక తోస్తుంది. దాంతో ఆయన మౌనం మీదే హాస్యాలు మొదలయ్యాయి. "మా మాస్టారు మాటకి కూడా స్టెప్పులు వేసి మార్కులు వేసుకుంటారండి" అని ఒకాయన అంటే అరుగంతా నవ్విందట. ఆయనా నవ్వారు. ఆ రాత్రి తల పగిలిపోయిందన్నారు.

తోడల్లుడు గల్ఫ్‌లో ఉంటాడు. ఏడాదికోసారి వస్తాడు, వచ్చిన గంటలో వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళొస్తాడు. "చిన్నల్లుడుగారు ఎంత కలుపుగోలండీ" అన్న మాట మాస్టారి చెవిన ఎన్నిసార్లు పడి ఉంటుందో నేను అడగలేదు.

రెండేళ్ళ కిందట ఆయన తనను తాను మార్చుకోవాలని గట్టిగా ప్రయత్నించారు. ఫోన్లో వీడియోలు చూసి, రోజుకో కొత్త సంగతి సిద్ధం చేసుకుని అరుగు మీద చెప్పేవారు. మొదట్లో బాగానే ఉందన్నారు. కొన్ని వారాలకు నిద్ర చెడింది, పదో తరగతి పిల్లల మీద అరవడం మొదలైంది. అక్కడ ఆపేశారు. లాకుల దగ్గర ఆగడం మొదలైంది ఆ తర్వాతే. ఆస్ట్రేలియాలో 2019లో వెలువడిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తొస్తుంది. జనాన్ని వారం రోజులు కావాలని కలుపుగోలుగా ఉండమన్నారు. మొత్తం మీద చాలామందికి ఉత్సాహం పెరిగింది. కానీ సహజంగా ముభావంగా ఉండేవాళ్ళకు లాభం తక్కువ దక్కింది. అలసట ఎక్కువైంది, తాము తాముగా లేమన్న భావన కలిగింది. మాస్టారు ఆ ప్రయోగాన్ని తన మీద తానే, ఎవరూ చెప్పకుండా, ఎక్కువ కాలం చేసుకున్నారు.

ఏది కాదో తేల్చుకోవడం

"నేను ఇంట్రోవర్టునండి, గూగుల్లో చూశాను" అని చాలామంది వస్తారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ దాని వెనక ఇంకేదైనా దాక్కుని ఉందేమో చూడకుండా ఒప్పేసుకోకూడదు. నలుగురిలో ఉంటే నీరసం వస్తోందంటే నేను ముందు ఒంటి సంగతి చూడమంటాను. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, బీ12 పరీక్షలు చేయించాం. బీ12 కాస్త తక్కువ ఉంది, దానికి డాక్టరు మందులు రాశారు. మిగతావి బాగానే ఉన్నాయి.

వినికిడి పరీక్ష కూడా చేయించమన్నాను. మాస్టారికి ఆశ్చర్యం వేసింది. చెవి కొద్దిగా మందగించినవాళ్ళు ఒకరితో మాట్లాడేటప్పుడు ఇబ్బంది పడరు. పది గొంతులు కలిసిన చోట మాత్రం ప్రతి మాటా పట్టుకోవడానికి మెదడు కష్టపడుతుంది, ఇంటికొచ్చాక ఒళ్ళు తెలియని అలసట. నలభై దాటినవాళ్ళలో దీన్ని స్వభావం అనుకుని వదిలేయడం చూస్తుంటాం. మాస్టారి చెవులు బాగున్నాయి.

తర్వాత మనసు. డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో మొత్తం మార్కులు 27, 10 గానీ అంతకు మించి గానీ వస్తే లోతుగా చూడాలి. ఆయనకు 6 వచ్చింది, అందులో ఎక్కువ భాగం నిద్ర, నీరసం. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఒంటరిగా ఉన్నా హాయి ఉండదు. ఈయనకు లెక్కలంటే ప్రాణం, మొక్కలకు అంట్లు కట్టడం అంటే సరదా, కూతురికి సైకిల్ నేర్పుతున్నారు.

సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురిలోకి వెళ్ళాలంటే భయం, కాదని తేల్చడానికి పెద్ద ప్రశ్నావళి కంటే ఒక చిన్న ప్రశ్న ఎక్కువ పనికొచ్చింది: "టెన్షన్ వెళ్ళే ముందా, వచ్చాక అలుపా?" భయం ఉన్నవాళ్ళు వారం ముందు నుంచే వణుకుతారు, నన్ను చూసి ఏమనుకుంటారో అని, తప్పించుకునే దారి వెతుకుతారు. మాస్టారు పిలిచిన ప్రతి పెళ్ళికీ వెళ్తారు, 300 మంది ముందు మైకులో మాట్లాడతారు, అప్పుడు చేయి వణకదు. అలుపు తర్వాత వస్తుంది. ఆటిజం స్పెక్ట్రమ్ కోణంలో చిన్నప్పటి సంగతులు వాళ్ళ అమ్మగారిని ఫోన్లో అడిగాను, అటువంటి సూచనలేవీ లేవు.

అంతర్ముఖత్వం, అంటే ఇంట్రోవర్టుగా ఉండటం, జబ్బు కాదు. 2022 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో గానీ, అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ డీఎస్ఎం-5లో గానీ అది రోగాల జాబితాలో లేదు. స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినప్పటి నుంచీ దాని గురించి వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఇప్పటి మనస్తత్వ శాస్త్రం మనుషుల్ని రెండు గాట్లకు కట్టదు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా గీత గీస్తే మనలో ఎక్కువమంది మధ్యలో ఎక్కడో ఉంటాం. మాస్టారు ఒక కొసకు దగ్గరగా ఉన్నారు, అంతే. మరి జబ్బు కానిదానికి నా దగ్గర పనేమిటి? పనుంది. ఆ స్వభావాన్ని దాచుకోవడం కోసం పుట్టిన అబద్ధాలు ఆ కాపురాన్ని తినేస్తున్నాయి.

డైరీ

రెండు వారాలు డైరీ రాయమన్నాను. ఎవరితో, ఎంతసేపు, ఆ రాత్రి అలుపు సున్నా నుంచి పది దాకా ఎంత. ఆయన లెక్కల మాస్టారు కదా, చెప్పినదానికంటే ఎక్కువే చేసుకొచ్చారు. తనంతట తానే ఇంకో గడి కలిపారు. దాని పేరు "నా మీద కళ్ళు". అంటే ఆ కాసేపూ తనను ఎవరైనా కనిపెట్టి చూస్తున్నట్టు, తన మాట కోసం, తన తిండి కోసం, తన ముఖం కోసం ఎదురుచూస్తున్నట్టు ఉందా అని.

గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి చూపించారు. ఒక పక్క మనుషుల సంఖ్య, ఇంకో పక్క అలుపు. చుక్కలు కాగితమంతా చిందరవందరగా పడ్డాయి. "సంబంధం లేదండి" అన్నారు. రెండో కాగితంలో సంఖ్య స్థానంలో కళ్ళు. చుక్కలన్నీ వరసలో నిలబడ్డాయి.

అంకెలు చూస్తే నాకే వింతగా అనిపించింది. యాభై మంది పిల్లల క్లాసుకు అలుపు 3. బడిలో మెగా పేరెంట్ టీచర్ మీటింగు రోజున పొద్దుటి నుంచి ఒకరి తర్వాత ఒకరు తల్లిదండ్రులతో మాట్లాడారు, అలుపు 4. తోటలో దింపు రోజున పనివాళ్ళతో కలిసి కాయలు లెక్కపెట్టి రాశి పోయించారు, 2. అరుగు మీద ఐదారుగురు పెద్దలతో గంట, 8. భార్య తరఫు బంధువులు పన్నెండు మంది వచ్చి భోజనాలు చేసిన ఆదివారం, 9. మర్నాడు మధ్యాహ్నం దాకా తలనొప్పి.

ఆ ఆదివారం ఆయన చేసిన పనేమీ లేదు. కూర్చున్నారు. కొసరి కొసరి వడ్డించారు. ఏ కూర తిన్నారో, ఏది పక్కన పెట్టారో నాలుగు జతల కళ్ళు చూశాయి. పూతరేకు వద్దంటే అత్తగారి ముఖం చిన్నబోయింది, తింటే ఇంకోటి వచ్చింది. క్లాసులో ఆయన మాస్టారు, చేయాల్సిన పని ఉంది, ఏం చెప్పాలో తెలుసు. తోటలో కాయల లెక్క ఉంది. ఆ భోజనాల దగ్గర మాత్రం ఆయన పని అల్లుడుగా కనబడటం ఒక్కటే. దానికి మొదలూ చివరా లేదు.

అందుకే ఈ విషయంలో అందరూ చెప్పే ఫోన్ బ్యాటరీ పోలిక నేను వాడను. మనుషుల్లోకి వెళ్తే ఛార్జి దిగుతుంది, ఒంటరిగా ఉంటే ఎక్కుతుంది అంటే వినడానికి తేలిగ్గా ఉంటుంది. కానీ ఆ పోలిక నమ్మినవాళ్ళు మనుషుల్ని తగ్గించుకుంటూ పోతారు. మాస్టారు మనుషుల్ని తగ్గించుకుంటే క్లాసు పోతుంది, తోట పోతుంది, ఆయనకు హాయిగా ఉన్నవే పోతాయి. ఆయన్ని పీల్చేస్తున్నది నటన. అది పదిమందిలోనూ ఉండొచ్చు, ఒక్కరి ముందూ ఉండొచ్చు.

ఆవిడ అడిగిన ప్రశ్న

డైరీ చూపించిన రోజున భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టాను. ఆవిడ స్వభావం పూర్తిగా రెండో కొస. ఇంటికి నలుగురు వస్తే ముఖం వెలిగిపోతుంది. వాళ్ళు వెళ్ళాక రాత్రి పక్క మీద ఎవరు ఏమన్నారో, ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో అంతా మళ్ళీ ఒకసారి చెప్పుకోవాలి, అప్పుడే ఆవిడకు ఆ రోజు ముగిసినట్టు. సరిగ్గా ఆ సమయానికి మాస్టారు గోడ వైపు తిరిగి పడుకుంటారు. 14 ఏళ్ళుగా ఆవిడ దాన్ని తన మీద విముఖత అనుకుంటున్నారు. లాకుల సంగతి తెలిశాక అది రూఢి అయిపోయింది.

గ్రాఫు చాలాసేపు చూసి ఆవిడ ఒకటే అడిగారు: "నాతో మాట్లాడటం కూడా అలుపేనా అండి?"

అది నన్ను కాదు, ఆయన్ని. ఇటువంటి చోట భర్తలు సాధారణంగా "అబ్బే, అదేం లేదు" అంటారు, ఆ మాటను భార్యలు నమ్మరు. మాస్టారు మాట అనలేదు. డైరీ తిప్పి, వేలు పెట్టి చూపించారు. అంబాజీపేట నుంచి ఇద్దరూ బండి మీద వచ్చిన సాయంత్రం. దారంతా ఆవిడే మాట్లాడారట. అలుపు గడిలో సున్నా. రెండు వారాల్లో సున్నా ఉన్న గడులు చాలా తక్కువ. ఒకటి అది, మిగతావి లాకులు.

ఆ రోజు నేను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి, ఏవీ చెప్పలేదు. ఆ సున్నా చేసిన పని నా మాటలు చేయలేవు. ఆవిడ ఆ కాగితం ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్ళారు.

గంట ఎక్కడ పెట్టాలి

ఫిన్లాండ్‌లో 2017లో ఒక అధ్యయనం వచ్చింది. కలుపుగోలుగా మసలుకున్నప్పుడు మనుషులకు అప్పటికప్పుడు బాగుంటుంది, సుమారు మూడు గంటల తర్వాత అలసట వస్తుంది. ఇది ముభావంగా ఉండేవాళ్ళకే కాదు, అందరికీ వస్తుందని తేలింది. ఇది చెప్పగానే ఆవిడ "అందుకేనా నాన్నగారు పన్నెండింటికి భోంచేసి మూడింటిదాకా పడుకుంటారు?" అన్నారు. మంచి ప్రశ్న. మన ఇళ్ళల్లో ఒంటరి సమయం లేకపోలేదు. మామగారికి మధ్యాహ్నం కునుకు, సాయంత్రం సంధ్యావందనం. అత్తగారికి పొద్దున్న పూజగది, ఆ గంటలో పిలిచినా పలకరు, ఎవరూ తప్పు పట్టరు. పనివాళ్ళకు చుట్ట కాల్చుకునే సమయం. అందరికీ ఉంది. అల్లుడుకు మాత్రం పెట్టలేదు, ఎందుకంటే 14 ఏళ్ళయినా ఆయన ఆ ఇంట్లో ఇంకా అతిథే. అతిథిని ఒంటరిగా వదిలేయడం అమర్యాద.

ధ్యానం చేసుకుంటున్నారని ఇంట్లో చెబుదామని ఆవిడ సలహా ఇచ్చారు. ధ్యానమంటే ఇప్పుడు ఎవరూ కాదనరు. మాస్టారు ఒప్పుకోలేదు, నేనూ ఆయన పక్షమే. అబద్ధాన్ని కాపాడుకోవడం కూడా ఒక నటనే. రేపు ఎవరో వచ్చి "ధ్యానంలో ఏం కనబడుతుందండి" అని అడుగుతారు.

చివరికి తోట పక్కన కొబ్బరికాయల పాకలో ఒక మూల బాగుచేయించుకున్నారు. బల్ల, లైటు, లోపలి గడియ. బడి నుంచి నేరుగా అక్కడికి, ఐదింటి నుంచి ఆరింటి దాకా. ఆరింటికి కాళ్ళు కడుక్కుని అరుగు మీదకు. నేను గట్టిగా పట్టుబట్టింది ఈ ఆరింటి విషయంలోనే. వెళ్ళేవాడు ఎప్పుడు వస్తాడో తెలియకపోతే ఇంట్లోవాళ్ళు వెతుకుతారు, అలుగుతారు, ఊహించుకుంటారు. వచ్చే టైం తెలిస్తే కాచుకుంటారు. ఇటువంటి కేసుల్లో నేను చూసినంతవరకు, ఏకాంతం అడగడం కష్టం కాదు, తిరిగి వస్తానని నమ్మించడమే కష్టం. మొదటి నెలలో ఆరు దాటితే లెక్క సగంలో ఉన్నా లేవాలని ఒప్పందం. మాస్టారికి అది నచ్చలేదు గానీ పాటించారు.

మామగారికి ఎవరు చెప్పాలి అన్నది పెద్ద చర్చ. మాస్టారు చెబితే ఫిర్యాదులా ఉంటుంది. నేను చెబితే అల్లుడికి పిచ్చని ఊరంతా తెలుస్తుంది. ఆవిడే వాళ్ళమ్మకు చెప్పారు: "బళ్ళో పొద్దస్తమానం అరిచి వస్తారమ్మా, గంటసేపు ఆయన జోలికి పోవద్దు. ఆరింటికి ఆయనే వస్తారు." అత్తగారు మొదటిరోజే ఐదున్నరకు పాకకు కాఫీ, జంతికలు పంపించారు. రెండోరోజూ పంపించారు. ఆ కాఫీని ఐదింటికి, ఆయన లోపలికి వెళ్ళే ముందుకు మార్పించడానికి వారం పట్టింది.

రెండో మార్పు విందుల దగ్గర. కళ్ళు అలుపు తెస్తున్నాయంటే చేతికి పని ఇవ్వాలి. వడ్డన చేస్తానన్నారు మాస్టారు. అత్తగారు హడలిపోయారు, అల్లుడు వడ్డించడమేమిటి, నలుగురూ ఏమనుకుంటారు అని. అది వదిలేశాం. బదులుగా చుట్టాలను రాజమండ్రి స్టేషన్ నుంచి కారులో తీసుకురావడం, దింపిరావడం ఆయన పనిగా మారింది. వెళ్ళేటప్పుడు కారులో ఒక్కరే. కోనసీమ మీదుగా రావాల్సిన కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను ఇంకా పూర్తి కానందుకు లాభపడిన మనిషి కోనసీమలో ఈయనొక్కరేనేమో.

సంక్రాంతి

నవంబరు, డిసెంబరు బాగా గడిచాయి. కార్తీక వనభోజనాలకు వెళ్ళారు, ఉసిరి చెట్టు కింద పిల్లలకు ఆటలు పెట్టించే బాధ్యత తీసుకున్నారు, అలుపు 3. నిద్ర కుదుటపడింది.

పండక్కి తోడల్లుడి కుటుంబం మూడు వారాలకు వచ్చింది. ఏర్పాటంతా కూలిపోయింది. పాకలో తోడల్లుడి పిల్లల క్రికెట్ సామాను చేరింది. ఐదింటికి తోడల్లుడే వచ్చి "అన్నయ్యా, అలా రావులపాలెం దాకా వెళ్ళొద్దాం" అనేవాడు. పొద్దున్నే లేచి ఆ గంట దొరకబుచ్చుకుందామంటే ధనుర్మాసం, నాలుగింటికే వాకిట్లో ముగ్గులు, ఇల్లంతా మెలకువే. భోగి ముందు రోజు మాస్టారు కూతురి మీద అరిచారు, పిల్ల అన్నం తినలేదు. ఆ రాత్రి ఆవిడ నాకు ఫోన్ చేశారు.

గంట దొరకని రోజుల్లో పావుగంట చాలని చెప్పాను. ఇది ఓదార్పు మాట కాదు. 2018లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో పదిహేను నిమిషాలు ఒంటరిగా కూర్చుంటే మనసులోని ఉద్రేకం, అది సంతోషమైనా చిరాకైనా, దిగుతుందని తేలింది. తన ఇష్టంతో ఒంటరిగా ఉన్నప్పుడు ప్రశాంతత కూడా దక్కుతుంది. అయితే ఫోన్ పట్టుకుని కూర్చోకూడదు. భోజనాల ముందు ఒక పావుగంట, రాత్రి ఒక పావుగంట మేడ మీద. మెట్ల దగ్గర కాపలా ఆవిడే. "ఆయన పైన ఉన్నారు, వస్తారు" అని ఒకే మాట, ఎవరు అడిగినా.

కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం. వెదురు, రంగుబట్టలతో ఎత్తుగా కట్టిన ఏకాదశ రుద్రుల ప్రభలు పదకొండు చోట్ల నుంచి తోటకు చేరతాయి. కొన్ని ప్రభల్ని పచ్చటి చేల మీదుగా, కౌశిక కాలువ నీళ్ళలోంచి జనం భుజాల మీద మోసుకొస్తారు. మాస్టారు ప్రభ మోసేవాళ్ళలో ఒకరు. శరభా అశ్శరభా అని అరుస్తూ, బురదలో, ఇసుకేస్తే రాలని జనంలో పొద్దంతా. ఆ రోజు డైరీలో ఒళ్ళు నొప్పులని రాసి, అలుపు గడిలో 1 వేశారు. పక్కన కళ్ళ గడిలో ఆయన రాసింది: "అందరి కళ్ళూ ప్రభ మీదే."

మర్నాడు, ముక్కనుమ రోజు, ఇంట్లో భోజనాలకు 8. అది తగ్గలేదు. తగ్గుతుందని నేను అనుకోవడం లేదు. కాకపోతే ఈసారి తలనొప్పి ఆ రాత్రితో పోయింది, మర్నాటి దాకా సాగలేదు. కూతురికి క్షమాపణ చెప్పి, ఎందుకు అరిచారో పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పారట. పిల్ల "మరి నాకూ అలాగే ఉంటుంది నాన్నా" అందట. ఆవిడ కంగారుగా, పాపను కూడా తీసుకురావాలా అని అడిగారు. అవసరం లేదన్నాను. స్నేహితులున్నారు, బడికి ఇష్టంగా వెళ్తోంది, చుట్టాలొచ్చినప్పుడు గదిలో బొమ్మలు వేసుకుంటుంది. చుట్టాల ముందుకు లాక్కొచ్చి పద్యం చదివించడం మాత్రం ఆపమన్నాను.

ప్రస్తుతం

లాకుల దగ్గర ఇప్పుడు ఎప్పుడో తప్ప ఆగడం లేదు, ఆగినా ఇంటికి ఫోన్ చేసి చెబుతున్నారు. పీహెచ్‌క్యూ-9లో 2 వచ్చింది. మందుల కోణంలో నా ప్రమేయం లేదు. మామగారికి ఇదంతా పూర్తిగా మింగుడుపడలేదు. ఆరు దాటి రెండు నిమిషాలైతే అరుగు మీద నుంచి దగ్గుతారట. ఆ దగ్గు వినగానే నవ్వొస్తుందని మాస్టారు చెప్పారు. కొత్త విషయం ఏమిటంటే కుర్చీ దగ్గర ఒక చదరంగం బల్ల చేరింది. పెద్దాయనా ఈయనా ఆడుతుంటే మిగతావాళ్ళు చూస్తారు. కళ్ళు పావుల మీద ఉంటాయి.

తేలని సంగతి ఒకటుంది. టీచర్ల బదిలీలు దగ్గర పడుతున్నాయి. లంకల్లో ఒక బడికి పెట్టుకుంటే వస్తుంది, రోజూ పంటు మీద గోదావరి దాటి వెళ్ళాలి. మాస్టారికి మనసు అటే లాగుతోంది. రానూ పోనూ నీళ్ళ మీద అరగంట, పలకరించేవాళ్ళు తక్కువ. ఆవిడ దాన్ని తప్పించుకుపోవడంగానే చూస్తున్నారు. వరదల్లో పంటు ఆగిపోతే అక్కడే ఉండిపోతారన్న బెంగ వేరే. నేను ఇంకా ఏ పక్షమూ తీసుకోలేదు.

నిర్ణయానికి ముందు మళ్ళీ రెండు వారాల డైరీ రాయమన్నాను, ఈసారి ఇద్దరినీ. ఆవిడ మొదటి వారానిది తెచ్చారు. ఎంతమంది వచ్చినా ఆవిడ గడులన్నీ ఒకటి, రెండు మించలేదు. ఒక్క చోట 7 ఉంది. ఏమిటా అని చూస్తే, "మీ ఆయనకి ఒంట్లో బాగోలేదా" అని ఒకే రోజు అడిగిన ముగ్గురికి జవాబు చెప్పిన సాయంత్రం. వచ్చే నెల ఆ 7 గురించి మాట్లాడుకున్నాకే బదిలీ సంగతి ఎత్తుకుందామని ముగ్గురం అనుకున్నాం.